మెల్లగా నడుచునప్పుడు ఊగు మోటారు సైకిలు: లోపమును కనిపెట్టు విధము

ఒకప్పుడు ఎడ్లబండి చేయుచుండిన పనులలో పెక్కింటిని నేడు మన పల్లెలలో మోటారు సైకిలు చేయుచున్నది. పాలకేంద్రమునకు పాలు, అంగడికి కూరగాయలు, పొలమునకు ఎరువు, ఆసుపత్రికి రోగి, అన్నియు దానిమీదనే పోవుచున్నవి. పంచాయతీ కార్యదర్శి మండల కార్యాలయమునకు పోవుటయు దానిమీదనే. ఐనను ఎద్దుపై చూపుచుండిన శ్రద్ధను మనము ఈ బండిపై చూపుట లేదు. ఎద్దు కుంటినచో వెంటనే కాడి దింపి గిట్టలు చూచెడివారము. మోటారు సైకిలు ఊగినచో, పాతబడినది గదా యని ఊరకుందుము.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 44.5 శాతము ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారే. మొత్తము మరణములలో సుమారు మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతములలో జరిగినవి. వీనిలో అధిక భాగమునకు మితిమీరిన వేగము, హెల్మెట్టు లేకుండుట మొదలగునవి కారణములు. బండిలోని లోపము వలన కలుగు ప్రమాదములు వానికంటె తక్కువే కావచ్చును. కాని బండి లోపము ముందుగా హెచ్చరిక చేసి మరి వచ్చును. ఆ హెచ్చరికను గుర్తించుట ఎట్లో పంచాయతీ సభ్యులకు తెలియజెప్పుటయే ఈ పాఠము ఉద్దేశము.

ఫలక్‌నుమా వద్ద బయటపడు లోపము

హైదరాబాదు పాతబస్తీ దక్షిణపు కొసన ఫలక్‌నుమా ఉన్నది. కొండమీది రాజభవనమును బట్టి ఆ పేటకు ఆ పేరు వచ్చినది. నిజాము రాజ్యమునకు ప్రధానమంత్రిగా పనిచేసిన వికార్ ఉల్ ఉమ్రా 1884లో ఆ భవనమునకు పునాది వేయించెను. 2010 నుండి అది హోటలుగా నడచుచున్నది. కొండ క్రింద రైల్వే స్టేషను, బస్సు డిపో, దుకాణములు, జనసమ్మర్దము. చార్మినారు నుండి శాలిబండ, అలియాబాదుల మీదుగా వచ్చు బాట ఇక్కడికి చేరి, చాంద్రాయణగుట్ట వైపు సాగి, అచట శ్రీశైలము రహదారితో కలియును. మహేశ్వరము, కందుకూరు, కడ్తాలు మండలముల పల్లెవారు పాతబస్తీకి వచ్చుటకు ఇది దగ్గర దారి.

శ్రీశైలము రహదారి మీద గంటకు యాభై కిలోమీటర్ల వేగమున వచ్చు బండి చక్కగనే నడచినట్లు తోచును. ఫలక్‌నుమా సందడిలోనికి వచ్చునప్పటికి వేగము పదికి దిగును. బస్సు ఒక ప్రక్క, ఆటో మరియొక ప్రక్క, ఎదుట తోపుడుబండి. అప్పుడు హ్యాండిలు అటు నిటు కదలాడును. రైతు భుజములు బిగించి, కాళ్లు నేలకు జారవిడిచి, ఎట్లో నెట్టుకొని పోవును. నగరపు రద్దీ తనకు అలవాటు లేదనియు, తప్పు తనదే యనియు భావించును. నిజమునకు ఆ లోపము ఊరిలో బయలుదేరినప్పుడే బండిలో ఉన్నది. వేగము తగ్గినందున ఇక్కడ బయటపడినది.

మెల్లగా పోవునప్పుడు పడిన బండి వలన మోకాలు గీసికొనిపోవుటకంటె ఏమి కాదని కొందరందురు. ఊరిబాట మీద ఆ మాట కొంతవరకు నిజమే. కాని నగరపు వీధిలో పడినవాని ప్రక్కన బస్సు చక్రముండును. పడిన వేగముకంటె పడిన చోటు ముఖ్యమని గ్రహింపవలెను.

కొంత ఊగుట సహజము

లోపము వెదకుటకు ముందు ఒక విషయము తెలిసికొనవలెను. ద్విచక్ర వాహనము మెల్లగా పోవునప్పుడు కొంత ఊగుట దాని స్వభావము. ముందు ఫోర్కు నిలువుగా నుండక కొంచెము వాలి యుండును. ఆ వాలు రేఖను నేల వరకు పొడిగించినచో, చక్రము నేలను తాకు చోటికి అది కొంచెము ముందుగా తగులును. అందుచే చక్రము ఆ రేఖ వెనుక ఈడ్వబడుచు తనంతట తానే తిన్నబడుటకు చూచును. ఆసుపత్రిలో రోగిని తీసికొనిపోవు స్ట్రెచరు చిన్న చక్రములు నెట్టిన దిక్కునకు తిరుగుట ఇట్టిదే. వేగము హెచ్చిన కొలది ఈ తిన్నబరచు బలము హెచ్చును. తగ్గిన కొలది తగ్గును.

ఇంగ్లండుకు చెందిన విప్పిల్ అను గణితజ్ఞుడు 1899లోనే సైకిలు నిలకడకు సమీకరణములు వ్రాసెను. 2007లో నలుగురు శాస్త్రజ్ఞులు ఒక నమూనా సైకిలుకు లెక్కగట్టి, సెకనుకు సుమారు 4.3 మీటర్ల నుండి 6 మీటర్ల వరకు, అనగా గంటకు 15 మొదలు 22 కిలోమీటర్ల మధ్య, అది ఎవరి సహాయము లేకయే నిలువగలదని తెలిపిరి. అంతకు తక్కువైనచో అటు నిటు ఊగి పడిపోవును. మోటారు సైకిలుకు అంకెలు వేరు కాని, సూత్రము అదియే. నడక వేగమున బండిని నిలుపునది నడపువాని చేతులే. అతడు క్షణక్షణము హ్యాండిలును స్వల్పముగా త్రిప్పుచు బండిని సరిదిద్దుకొనుచుండును.

కాబట్టి మెల్లని వేగమున రెండే అవసరము: నడపువాడు సవరించుకొనవలెను; ఆ సవరింపును బండి అడ్డు లేక స్వీకరింపవలెను. ఈ రెండవదానికి ఆటంకము కలిగించునది ఏదైనను లోపమే.

ముందుగా అడుగవలసిన మూడు ప్రశ్నలు

వైద్యుడు నాడి పట్టుటకు ముందు రోగిని ప్రశ్నించును. బండి విషయమునను అట్లే చేయవలెను.

మొదటి ప్రశ్న: ఎప్పటి నుండి ఊగుచున్నది? క్రొత్త టైరు వేసిన నాటి నుండియా, గోతిలో పడిన నాటి నుండియా, చైను బిగించిన నాటి నుండియా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము లభించినచో సగము పని తీరినట్లే. చివరగా చేతులు పెట్టిన చోటును ముందుగా చూడవలెను.

రెండవ ప్రశ్న: ఏ బరువుతో ఊగుచున్నది? ఒంటరిగా పోవునప్పుడు ఊగక, పాలక్యానులు కట్టినప్పుడు మాత్రమే ఊగినచో, యంత్రభాగములను విప్పుటకు ముందు బరువును సరిచేయవలెను.

మూడవ ప్రశ్న: ఊగుట చక్రముతో పాటు లయగా వచ్చుచున్నదా, లేక క్రమము లేక వచ్చుచున్నదా? దీనికి సులభమైన లెక్క యున్నది. సాధారణ 100 సి.సి. బండి చక్రము ఒక్కసారి తిరిగినచో సుమారు 1.9 మీటర్లు పోవును. గంటకు 10 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 2.8 మీటర్లు. అనగా రెండు సెకన్లలో చక్రము మూడు చుట్లు తిరుగును. ఆ వేగమున రెండు సెకన్లకు మూడు మారులు ఊగి, 20 కిలోమీటర్లకు పోగానే రెట్టింపు త్వరగా ఊగినచో లోపము చక్రములో గాని, టైరులో గాని, బ్రేకు డ్రమ్ములో గాని ఉన్నది. అట్లుగాక బండి నెమ్మదిగా ఎడమకు, మరల కుడికి క్రమము లేక పోవుచున్నచో స్టీరింగును అనుమానింపవలెను.

పరీక్షించు క్రమము

లోపము పెద్దదో చిన్నదో తెలియక ముందే క్రొత్త భాగములు కొనుట వ్యాధి తెలియక మందు మ్రింగుట వంటిది. ఖర్చు లేని పరీక్ష మొదట, ఖర్చుగల పని తుదకు. ఒక్కసారి ఒక్కటే మార్చి, బండిని నడిపి చూచి, తరువాతి దానికి పోవలెను. మూడు భాగములను ఒకేమారు మార్చినచో ఊగుట ఆగినను, ఏది కారణమో ఎన్నటికిని తెలియదు.

1. బరువు

నలుబది లీటర్ల పాలక్యాను నిండినచో పాల బరువే 41 కిలోలు. క్యాను బరువు వేరు. అది వెనుక చక్రపు ఇరుసుకంటె వెనుకకు వ్రేలాడినచో తూనికకోలవలె ముందు చక్రమును పైకి లేపును. ముందు చక్రముపై బరువు తగ్గిన కొలది స్టీరింగునకు పట్టు తగ్గును. ఒక ప్రక్క మాత్రమే క్యాను కట్టుటయు, సగము నిండిన క్యానులో పాలు కదలాడుటయు ఊగుటను పెంచును. పెక్కు 100 సి.సి. బండ్లకు మనుష్యులు, సామాను కలిపి 130 నుండి 150 కిలోల వరకే హద్దు. బరువు రెండు ప్రక్కల సమముగా, ఇరుసుకు ముందుగా, వీలైనంత క్రిందుగా ఉండవలెను. మొదట బరువంతయు దించి ఒంటరిగా నడిపి చూడుడు.

2. గాలి, టైరు

బండి చల్లగా నున్నప్పుడు గాలి కొలిపింపవలెను. సాధారణముగా ముందు చక్రమునకు 25 పౌండ్లు, వెనుక చక్రమునకు ఒంటరిగానైన 28 పౌండ్ల ప్రాంతము, ఇద్దరైన 32 లేక అంతకు హెచ్చు ఉండును. సరియైన అంకె బండితో ఇచ్చిన పుస్తకములో గాని, బండిపై అంటించిన పట్టీలో గాని ఉండును. ముందు టైరులో గాలి తగ్గినచో మెల్లని వేగమున హ్యాండిలు బరువెక్కి, త్రిప్పిన వైపునకే పడిపోవుచుండును. బొటనవ్రేలితో నొక్కి గాలి చాలునని చెప్పుట తగదు.

పిదప టైరును చేతితో తడుముడు. మధ్య భాగము అరిగి చదునైపోయినచో, వంపులో నుండి తిన్నని స్థితికి వచ్చునప్పుడు బండి ఒక్కసారి పడినట్లు కదలును. గాళ్ల నడుమ గల అరుగుదల గుర్తు వరకు టైరు అరిగినచో మార్పించవలెను. టైరు ప్రక్కను రిమ్ము వెంబడి ఒక సన్నని గీత యుండును. ఆ గీత చుట్టును రిమ్ముకు సమాన దూరమున కనబడవలెను. ఒకచోట రిమ్ములోనికి దిగిపోయినచో టైరు సరిగా కూర్చుండలేదన్నమాట. పంక్చరు వేయించిన మరునాడు మొదలైన ఊగుటకు ఇది తరచుగా కారణమగును. గాలి తీసి, అంచున సబ్బునీరు రాసి, మరల గాలి కొట్టించినచో సరిపోవును.

3. చక్రము

సెంటర్ స్టాండు వేసి చక్రమును పైకెత్తి మెల్లగా త్రిప్పుడు. ఫోర్కుకు ఒక అగ్గిపుల్లను రిమ్ముకు తగలీ తగలనట్లు కట్టినచో, రిమ్ము అటు నిటు పోవుట కంటికి కనబడును. సాధారణముగా ఈ తేడా 2 మిల్లీమీటర్లకు మించరాదు. స్పోకుల చక్రమైనచో ఒక్కొక్క స్పోకును చిన్న స్పానరుతో తట్టుడు. బిగువైనది ఖంగున మ్రోగును. వదులైనది మొద్దుగా పలుకును. స్పోకులను సవరించు పనివానిచే రిమ్ము బెండు తీయించవలెను. అల్లాయ్ చక్రము వంగినచో సుత్తితో కొట్టించరాదు. కంటికి కానరాని పగులు బరువు మీద పెద్దదై చక్రము విరుగును.

తరువాత చక్రమును పైన ఒక చేత, క్రింద ఒక చేత పట్టి అటు నిటు కదపుడు. టక్కు టక్కుమని ఆట కనబడినచో బేరింగు అరిగినదని గాని, ఇరుసు నట్టు వదలినదని గాని తెలియవలెను. మొదట నట్టు చూచి, పిదప బేరింగు చూడవలెను.

4. స్టీరింగు బేరింగులు

మెల్లని వేగమున క్రమము లేక ఊగుటకు ముఖ్యముగా పరీక్షింపవలసిన చోటు ఇది. హ్యాండిలు తిరుగు గొట్టములో పైన, క్రింద ఉక్కు గుండ్లుండును. మెకానిక్కులు దీనిని కోన్ సెట్టనియు, బాల్ రేసరనియు అందురు. ఇందు మూడు విధములైన లోపములు కలుగును. మూడింటికి లక్షణములు వేరు, చికిత్స వేరు.

మొదటిది, వదులు. ముందు బ్రేకు పట్టుకొని బండిని ముందునకు వెనుకకు ఊపుడు. హ్యాండిలు గొట్టము, ఫ్రేము కలియు చోట ఒక వ్రేలు పెట్టినచో టక్కున కదలుట తెలియును. అచట కదలిక లేక ఫోర్కు క్రింది భాగముననే కదలినచో, లోపము స్టీరింగులో గాక ఫోర్కు బుష్షులలో గలదు. స్టీరింగు వదులైన బండి బ్రేకు వేసి వేగము తగ్గించుచున్నప్పుడు హ్యాండిలును వణికించును.

రెండవది, మితిమీరిన బిగువు. వణకుట ఆపవలెనని కొందరు పనివారు నట్టును గట్టిగా బిగింతురు. రహదారి మీద వణకు ఆగినట్లు తోచును. కాని మెల్లగా పోవునప్పుడు నడపువాడు చేయు స్వల్పమైన సవరింపును బిగిసిన హ్యాండిలు వెంటనే అందుకొనదు. అతడు మరికొంచెము బలము చేయును. అప్పుడది హద్దు మీరి తిరుగును. మరల అవతలి వైపునకు బలము చేయవలసివచ్చును. త్రాగినవాని నడకవలె బండి పోవును. పరీక్ష సులభము: ముందు చక్రమును పైకెత్తి, హ్యాండిలును నడుమ నుంచి వ్రేలితో స్వల్పముగా నెట్టుడు. అది తన బరువుననే ప్రక్కకు వాలిపోవలెను. నెట్టిన చోటనే నిలిచిపోయినచో బిగువు ఎక్కువ. క్లచ్, ఆక్సిలరేటరు కేబుళ్లు ఎక్కడనైన తట్టుకొని లాగుచున్నను ఇట్లే యగును గనుక వానిని కూడ చూడవలెను.

మూడవది, గుంటలు పడుట. చాల కాలము గోతుల బాటలపై నడచిన బండిలో గుండ్లు తిన్నని స్థితిలో నుండగానే దెబ్బలు తిని, అవి కూర్చుండు పళ్లెములలో గుంటలు చేయును. హ్యాండిలును మెల్లగా ఎడమ నుండి కుడికి త్రిప్పునప్పుడు సరిగా నడుమకు రాగానే తాళము పడినట్లు చిక్కుకొనును. దీనిని బిగించినను, వదులు చేసినను, గ్రీసు పెట్టినను ప్రయోజనము లేదు. గుండ్లు, పళ్లెములు పూర్తిగా మార్పించవలెను. గుండ్లను మాత్రము మార్చి పాత పళ్లెములనే ఉంచుట డబ్బు వృథా.

5. వెనుక భాగము

బండి వెనుక చక్రము ముందు చక్రపు జాడలో పోవలెను. చైను బిగించునప్పుడు రెండు ప్రక్కల గుర్తులు సమముగా నుండకున్నచో వెనుక చక్రము వంకరగా కూర్చుండి బండి ఒక ప్రక్కకు లాగును. తాపీమేస్త్రి గోడ తిన్నదనమును చూచు దారముతోనే దీనిని చూడవచ్చును. హ్యాండిలును తిన్నగా నుంచి, వెనుక టైరు చుట్టు దారము వేసి, రెండు కొసలను రెండు ప్రక్కల ముందు టైరు వరకు లాగుడు. వెనుక టైరు వెడల్పు హెచ్చైనచో, ముందు టైరుకు రెండు ప్రక్కల మిగులు సందు సమానముగా నుండవలెను.

వెనుక చక్రమును ప్రక్కలకు ఊపినప్పుడు చక్రముతో పాటు దానిని మోయు స్వింగ్ ఆర్మ్ కూడ కదలినచో దాని బుష్షులు అరిగినవి. ఈ లోపముతో బండి నడుము విరిగినదానివలె వెనుక భాగము ఈడ్చును.

6. ముందు ఫోర్కు

ఏదైన దెబ్బ తిన్న బండిలో ఫోర్కు కాళ్లు మెలిపడి యుండవచ్చును. చక్రము తిన్నగా నుండగా హ్యాండిలు వంకరగా కనబడుట దీనికి గుర్తు. ఒక కాలిలో నూనె కారిపోయి, రెండవ కాలిలో నిండుగా నున్నను బండి గోతుల మీద ఒక ప్రక్కకు ఒరుగును. నూనె రెండు కాళ్లలో సమముగా పోయించవలెను.

7. ఊగుట వలె తోచు కుదుపులు

కొన్నిసార్లు బండి ఊగదు. కుదుపును ఊగుటగా భ్రమింతుము. చైను ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా నున్నను, క్లచ్ ఒక్కసారిగా పట్టుకొన్నను, బ్రేకు డ్రమ్ము గుండ్రదనము తప్పినను మెల్లని వేగమున బండి కుదిపి నడపువాని సమతూకమును చెరచును. చక్రమును త్రిప్పుచు నాలుగైదు చోట్ల చైను వదులును చూచినచో సంగతి తెలియును. క్లచ్ నొక్కి బండిని జారనిచ్చినప్పుడు కుదుపు ఆగినచో అది క్లచ్, ఇంజను, చైను వైపుది. ఆగకున్నచో చక్రముల వైపుది.

ఒక ఉదాహరణము

కందుకూరు వైపు నుండి పాలు తెచ్చు రైతు ఒకడున్నాడనుకొందము. ఫలక్‌నుమా చేరగానే అతని బండి ఊగుచున్నది. మొదటి దుకాణములో ముందు టైరు మార్చిరి. ఊగుట ఆగలేదు. రెండవ దుకాణములో షాక్ అబ్జార్బర్లు మార్చిరి. కొంత తగ్గినట్లు తోచి మరల మొదలైనది. మూడవ దుకాణములో స్టీరింగు నట్టు బిగించిరి. ఇంకను ఎక్కువైనది. పాడి మీద వచ్చిన రాబడి దుకాణముల పాలైనది.

ఇదే రైతు మొదట ఖాళీ బండిని నడిపి చూచియుండినచో, బరువు లేకున్నను ఊగుట ఉన్నదని గ్రహించెడివాడు. గాలి కొలిపించి, అది సరిగా నున్నదని తెలిసికొనెడివాడు. ఊగుటకు చక్రపు లయ లేదని గమనించి స్టీరింగు దగ్గరకు వచ్చెడివాడు. చక్రమునెత్తి హ్యాండిలు త్రిప్పగానే నడుమ చిక్కుకొనుట చేతికే తెలిసెడిది. మారవలసినది కోన్ సెట్టు ఒక్కటే. ఈ పరీక్ష కంతకు పట్టు కాలము అరగంటకు మించదు.

మెకానిక్కు వద్ద

పనివానికి బండిని అప్పగించి, ఊగుచున్నది చూడుమని చెప్పి పోరాదు. ఏ వేగమున, ఏ బరువుతో, ఎప్పటి నుండి ఊగుచున్నదో చెప్పవలెను. మీరు చేసిన పరీక్షల ఫలితము చెప్పవలెను. విప్పిన పాత భాగమును చూపుమని అడుగుట అవమానింపు కాదు. గుంటలు పడిన పళ్లెముపై గోరు పెట్టి చూచినచో ఎవరికైనను తెలియును. మంచి పనివాడు దానిని సంతోషముగా చూపును.

ఒక హెచ్చరిక అవసరము. బండి ఊగుచున్నదో లేదో చూచుటకై రోడ్డు మీద రెండు చేతులు వదలి నడుపువారు కలరు. ఇది ప్రాణాపాయకరము. పై పరీక్షలలో పెక్కు బండిని నిలిపి చేయదగినవే. నడిపి చూడవలసినవానిని ఖాళీ మైదానములో, హెల్మెట్టు ధరించి, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకొనియే చేయవలెను.

నడపువాని వంతు

బండిలో ఏ లోపమును లేదని తేలిన పిమ్మట నడపు పద్ధతిని చూడవలెను. మెల్లగా పోవునప్పుడు చక్రము ముందటి నేలను చూడక, కొంత దూరమున పోవలసిన చోటును చూడవలెను. మోకాళ్లను ట్యాంకుకు ఆనించి, భుజములను వదులుగా నుంచవలెను. ఇంజనును కొంచెము లాగనిచ్చుచు, క్లచ్ సగము పట్టి, వెనుక బ్రేకును స్వల్పముగా ఒత్తినచో బండి నిలకడగా పోవును. మెల్లని వేగమున హ్యాండిలు త్రిప్పియున్నప్పుడు ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఇది ఇంటింటి సొంత వ్యవహారము గదా, పంచాయతీకి సంబంధమేమని కొందరు సభ్యులకు తోచవచ్చును. సంబంధము కలదు. మోటారు వాహనముల చట్టము, 1988 లోని 190వ సెక్షను ప్రకారము, తనకు తెలిసిన లోపముతో గాని, సాధారణ శ్రద్ధ వహించిన తెలియదగిన లోపముతో గాని ప్రమాదకరమగు బండిని నడుపుట, నడుపనిచ్చుట నేరము. 2019 సవరణ తరువాత దీనికి 1,500 రూపాయల జరిమానా యున్నది. ఆ లోపము వలన ప్రమాదము జరిగి ఎవరికైన గాయమైనను, ఆస్తి నష్టమైనను మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. లోపము తెలియదనుట సమాధానము కాదు. శ్రద్ధ వహించినచో తెలిసెడిదా యనునదే ప్రశ్న. పై పరీక్షలు ఆ సాధారణ శ్రద్ధలో చేరినవే.

అదే చట్టము రోడ్డు వేయువారిపైనను బాధ్యత ఉంచినది. 2019లో చేర్చిన 198ఎ సెక్షను ప్రకారము, రోడ్డు నిర్మాణమునందును నిర్వహణమునందును నిర్ణీత భద్రతా ప్రమాణములను పాటింపనందున మరణము గాని అంగవైకల్యము గాని సంభవించినచో, బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. సిమెంటు బాట అంచున జానెడు లోతు దిగుడు, పైపు వేయుటకు త్రవ్వి పూడ్చని కాలువ, మలుపులో చెదరిన కంకర, ఇవి మంచి బండిని కూడ ఊగింపగలవు. ఒకే బండి అన్ని చోట్ల ఊగినచో లోపము బండిది. అన్ని బండ్లును ఒకేచోట ఊగినచో లోపము బాటది. ఈ రెండవదానిని సరిచేయవలసిన భారము మనది.

కావున ప్రతి పంచాయతీ ఈ క్రింది పనులను చేపట్టవచ్చును. నెలకొక దినమున పంచాయతీ కార్యాలయము వద్ద గాలి కొలుచు సాధనము, ఒక స్పానరు, దారపు ఉండ ఉంచి, ఊరి మెకానిక్కు సహాయముతో బండ్లను పరీక్షింపజేయుట. మొదట పాలు, కూరగాయలు మోయు బండ్లను, బడిపిల్లలను ఎక్కించుకొను బండ్లను చూచుట. బండ్లు ఊగు చోట్లను వార్డు సభ్యులు వ్రాసి తెచ్చి సమావేశమున ఉంచుట. గ్రామ బాటలను పంచాయతీ బాగు చేయించుట, ఇతర రోడ్ల సంగతి సంబంధించిన శాఖకు వ్రాతమూలకముగా తెలుపుట. నడపువారును, వెనుక కూర్చుండువారును హెల్మెట్టు ధరింపవలెనని 129వ సెక్షను చెప్పుచున్నది గనుక, ముందుగా సభ్యులే దానిని ఆచరించి చూపుట.

గ్రామసభలో ఈ పాఠమును ఒకరు చదువగా, మరియొకరు ఎదుట నిలిపిన బండిపై పరీక్షలు చేసి చూపినచో అందరికి బోధపడును. రేపు తెల్లవారుజామున పాలక్యానులతో నగరమునకు బయలుదేరు రైతు, స్టాండు తీయుటకు ముందు గాలి చూచుకొని, హ్యాండిలు ఒకసారి అటు నిటు త్రిప్పి చూచుకొనును గాక. ఆ అలవాటు ఊరిలో నాటుకొనినచో పంచాయతీ ఒక మంచి పని చేసినట్లే.